పసుపు గ్లైడర్‌ని దించిందెవరు

బిట్రగుంట రైల్వే కాలనీ వెనక వీధిలో ఎలిశబెతు కుట్టుమిషను పెట్టుకుని ఇరవై రెండేళ్లయింది. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల గౌన్లు అన్నీ ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. భర్త ఆనందబాబు స్టేషన్ యార్డులో పట్టాలు మార్చి, బళ్లకి జెండా ఊపే పాయింట్స్‌మన్. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె విమానాలు ఎగరేస్తుందని చెబితే కొత్తవాళ్లెవరూ నమ్మరు. నాలుగేళ్ల కిందట చెబితే ఆమే నమ్మేది కాదు.

అప్పట్లో ఒకరోజు గంగాధరం గారు దుప్పట్లో చుట్టిన పొడవాటి వస్తువు ఒకటి ఆటోలో పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. ఆయన కావలిలో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాడు. చిన్న విమానాలు కట్టి ఎగరేసే క్లబ్బు ఒకటి నడుపుతున్నాడు. దుప్పటి విప్పితే లోపల ఒక రెక్క ఉంది. చేప ముళ్ల మాదిరి వరసగా పేర్చిన పల్చటి, బాగా తేలికైన బల్సా చెక్కలు, వాటి మీద సగం అతికిన ప్లాస్టిక్ పొర, దాని నిండా ముడతలు.

"ఈ పొరని ఇస్త్రీ పెట్టెతోనే అతికించాలమ్మా. నేను పెడితే ఇట్టా ముడతలొస్తుండాయి. పట్టుచీరలకి నీ చేతి ఇస్త్రీ బాగుంటదని చెప్పినారు" అన్నాడు.

ఎలిశబెతు పొరంతా పీకేసింది. పెట్టె వేడి బాగా తగ్గించి, మధ్యలో మొదలుపెట్టి అంచులకు లాక్కుంటూ పోయింది. అయిపోయాక రెక్కని కంటి ఎత్తుకి పట్టుకుని చూసి, "ఇది ఒక పక్క మెలి తిరిగుండాది సార్. చెయ్యి సరిగ్గా అతకని జాకెట్టు మాదిరి" అంది.

గంగాధరం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ విమానం ఎప్పుడు ఎగరేసినా ఎడమ పక్కకే ఎందుకు ఒరిగి పడుతుందో ఆయనకి రెండేళ్లుగా అర్థం కాలేదు. ఆమె ఆవిరి పట్టి, బరువు పెట్టి, ఆ మెలిక తీసేసింది. ఆ శనివారం అది తిన్నగా ఎగిరింది. చూడ్డానికి రమ్మంటే ఎలిశబెతు కూడా వెళ్లింది. తర్వాతి శనివారమూ వెళ్లింది. ఆరు నెలలకల్లా కాగితం మీద కొలతలు గీసి, జాకెట్టు ముక్కలు కత్తిరించినట్టే బల్సా రేకుల్ని బ్లేడుతో కోసి, సొంతంగా, గాలి మీద తేలే గ్లైడరు ఒకటి కట్టింది. దానికి పసుపు రంగు పొర వేసింది. రెండు మీటర్ల రెక్క, ముక్కు దగ్గర చిన్న మోటారు. క్లబ్బులో అందరూ దాన్ని 'పసుపుది' అనేవారు.

క్లబ్బు వాళ్లు ఎగరేసే చోటు తుమ్మలపెంట దగ్గర, సముద్రానికి ఒక కిలోమీటరు ఇవతల. ఒకప్పుడు రొయ్యల గుంటలుండి, తర్వాత పూడ్చేసిన బయలు అది. తూర్పు పక్క సరుగుడు తోట, దాని వెనక సముద్రం. ఫిబ్రవరిలో అక్కడ పోటీ పెట్టారు. ఒంగోలు నించి, తిరుపతి నించి కూడా మనుషులు వచ్చారు. మొత్తం పద్నాలుగు మంది.

పోటీ సూత్రం తేలికే. మోటారు ముప్ఫై సెకన్లు మాత్రమే తిప్పి గ్లైడర్‌ని పైకి పంపాలి. తర్వాత మోటారు ఆపేసి గాలి మీదే నిలబెట్టాలి. పది నిమిషాలకి ఎంత దగ్గరగా దించితే అంత మంచిది. ముందు దిగినా వెనక దిగినా పాయింట్లు పోతాయి. నేల మీద సున్నం గీసిన వలయం మధ్యలో ఒక గూటం పాతి ఉంటుంది. దానికి ఎంత దగ్గర్లో దిగితే అంత ఎక్కువ పాయింట్లు. ఇలా రెండు విడతలు.

మొదటి విడతలో మనుబోలు నరేంద్రబాబు అందరికంటే ముందున్నాడు. అతనికి సొంత మాగాణి ఉంది, పన్నెండేళ్లుగా విమానాలు ఎగరేస్తున్నాడు, ఎక్కడ పోటీ జరిగినా కప్పు అతనిదే అని అందరూ ముందే అనుకుంటారు. ఎలిశబెతు నాలుగో స్థానంలో ఉంది. ఆమెకి అదే ఎక్కువ.

రెండో విడతలో ఆమె వంతు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. కావలిలో సెల్‌ఫోన్ల షాపు నడిపే పెంచలకృష్ణ స్టాప్‌వాచీ పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. పసుపుది పైకి లేచింది. ముప్ఫై సెకన్లకి ఆమె మోటారు ఆపేసింది. సరుగుడు తోట మీద రెండు గద్దలు రెక్కలాడించకుండా సుళ్లు తిరుగుతున్నాయి. గద్దలున్న చోట గాలి పైకి లేస్తుందని ఆమెకి తెలుసు. గ్లైడర్‌ని అటు తోలింది. అది వాటి కిందకి చేరి, కుడి పక్కకి నెమ్మదిగా తిరుగుతూ ఎత్తెక్కింది.

"ఆరు నిమిషాలక్కా" అన్నాడు పెంచలకృష్ణ.

అప్పటికి అది సముద్రం వైపు బాగా దూరం పోయి, అరచేతంత కనిపిస్తోంది. వెనక్కి తెద్దామని ఎలిశబెతు రిమోట్ మీది చిన్న పుల్లని ఎడమకి నొక్కింది. అది కుడికే తిరిగింది. ఆమె కంగారు పడలేదు. విమానం మన వైపుకి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, ఎన్నాళ్లు ఎగరేసినా ఆ తికమక పూర్తిగా పోదు. ఎటు తిరిగి ఉందో తనకే సరిగ్గా కనబడలేదనుకుని, పుల్లని కుడికి నొక్కింది. అది కుడికి వచ్చింది. సరిపోయిందనుకుంది.

సముద్రపు గాలి దాన్ని సుళ్లు తిప్పుకుంటూ బయలు మీదికి తెచ్చింది. ఆమె బొటనవేళ్లు కొద్దికొద్దిగా కదులుతూనే ఉన్నాయి. ఎనిమిది నిమిషాలు. తొమ్మిది. పసుపుది వలయం చుట్టూ ఒక పెద్ద చుట్టు చుట్టి, మోకాలెత్తులో తేలుతూ వచ్చి గూటానికి నాలుగడుగుల దూరంలో నేలని తాకింది. చివర్లో రెక్క కొన గడ్డి దుబ్బుకి తగిలి, సగం తిరిగి ఆగింది.

"తొమ్మిది యాభై ఆరు" అన్నాడు పెంచలకృష్ణ.

నరేంద్రబాబుది ఆ విడతలో ఎనిమిది నిమిషాలకే దిగిపోయింది. కప్పు ఎలిశబెతుకి వచ్చింది. ఫొటోలు తీశారు. నరేంద్రబాబు వచ్చి, "బాగా దించినావక్కా" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

అందరూ సర్దుకుంటుండగా ఆమె బ్యాటరీ తీయడానికి పసుపుదాని ముక్కు మూత తెరిచింది. రిమోట్ నించి వచ్చే సంకేతాల్ని అందుకునే చిన్న పెట్టె, రిసీవరు, లోపల ఉంటుంది. దానికి కరెంటు తెచ్చే వైరు ఊడి పక్కన వేలాడుతోంది. రిసీవరు దీపం ఆరిపోయి ఉంది. తోక వైపు చూసింది. విమానాన్ని పక్కలకి తిప్పే చుక్కాని బియ్యపు గింజంత కుడి పక్కకి తిరిగి, అక్కడే బిగుసుకుని ఉంది.

ఆమె అక్కడే గొంతుక్కూర్చుంది.

ఆ వైరు గడ్డి దుబ్బుకి తగిలినప్పుడు ఊడి ఉండొచ్చు. అలా అయితే ఏ చిక్కూ లేదు. కానీ ఆరో నిమిషంలోనే ఊడి ఉంటే? వైరు ఊడితే చుక్కాని ఉన్నచోటే ఉండిపోతుంది. కొంచెం కుడికి తిరిగిన చుక్కానితో, సరిగ్గా తూచి కట్టిన గ్లైడరు ఎవరూ తోలకపోయినా సుళ్లు తిరుగుతూ గాలి తీసుకెళ్లిన చోట దిగుతుంది. అప్పుడు నాలుగు నిమిషాల పాటు ఆమె చేతిలో ఉన్నది ఉత్త డబ్బా. నేలని తాకేటప్పుడు తను పుల్లని ఎటు నొక్కి ఉంచిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఒకసారి కుడికే అనిపించింది. ఇంకోసారి అసలు వదిలేసినట్టు అనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఆనందబాబుకి చెప్పింది. అతను డ్యూటీకి పోవడానికి బూట్లు వేసుకుంటున్నాడు.

"నేను జెండా ఊపితే బండి కదుల్తది. నేనేమన్నా దాన్ని తోస్తుండానా?" అన్నాడు.

"నువ్వు ఊపకపోతే అది కదలదు గదా. నేను నొక్కకపోయినా ఇది దిగుండేదేమో."

అతను రెండో బూటు లేసు ముడి వేశాడు. "అది నాకు తెలీదమ్మే" అన్నాడు.

మర్నాడు ఆదివారం. ఆరాధన చివర్లో పాస్టరు గారు ప్రకటనలు చదువుతూ, మన సంఘంలో ఒక సహోదరి విమానాల పోటీలో ఫస్టు వచ్చిందని, ఆమె చేతుల్ని ప్రభువు వాడుకున్నాడని చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ఎలిశబెతు తల వంచుకుని తన చేతుల వంకే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకామె ఆ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎలిశబెతుకి ఏడుపొచ్చినంత పనైంది. అందరూ సంతోషమనుకున్నారు.

సోమవారం గంగాధరం గారింటికి వెళ్లింది. ఆయన రిసీవరూ వైరూ రెండూ భూతద్దం పెట్టి చూశాడు. వైరు చివరి ప్లగ్గు కొంచెం వదులుగా ఉంది. దాన్నిబట్టి ఏదీ తేల్చలేమన్నాడు.

"గాల్లో ఊడుండొచ్చు. నేలకి తగిలినప్పుడు ఊడుండొచ్చు. రెండూ జరిగేవే. నీకేమనిపించిందమ్మా అప్పుడు?"

"నేనే నడుపుతుండా అనిపించింది సార్."

"అయితే ఇంకేంది?"

"మీ ఫిజిక్సులో అనిపిస్తే సరిపోతదా?"

గంగాధరం నవ్వబోయి మానుకున్నాడు. పోటీ నిబంధనల కాగితం తెచ్చి మొదటినించి చివరిదాకా చదివాడు. వలయంలో దిగాలని ఉంది, పది నిమిషాలని ఉంది. రిమోట్ పనిచేస్తూ ఉండాలని ఎక్కడా రాసి లేదు. రాయాలని ఎవరికీ తోచలేదు. "ఫలితం మారదు. నువ్వు ఊరికే మనసు పాడు చేసుకోబాక" అన్నాడు.

ఆమె ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ వారమంతా కుట్టు సరిగ్గా సాగలేదు. ఒక యూనిఫారం చొక్కాకి కుడి చెయ్యి ఎడమకీ, ఎడమ చెయ్యి కుడికీ వేసి మళ్లీ విప్పింది. కప్పుని కుర్చీ మీద పెట్టింది, బీరువా పైన పెట్టింది, చివరికి గుడ్డ చుట్టి అల్మారాలో పెట్టింది. శుక్రవారం నరేంద్రబాబుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇది ఫోన్లో చెప్పే మాటా అక్కా?" అని అతను ఫోను పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే మోటారు సైకిలు మీద వచ్చాడు. వీపుకి ఒక సంచి, సంచిలో రెండు రిమోట్లు. కాఫీ ఇస్తే తాగలేదు.

"రెండో స్థానంలో వచ్చినానని వారం రోజులు నాకు అన్నం సయించలా. పన్నెండేళ్ల నించి చేస్తుండా గదా అని. ఎట్నో సర్దుకున్నా, నీ చెయ్యి మంచిదిలే అని. ఇప్పుడు నువ్వు నీ చెయ్యే కాదంటుండావు. నేను ఎవరికి ఓడిపోయినట్టు?"

"అందుకే గదా నీకు చెప్పింది. కప్పు తీసుకుపో నరేంద్రా."

"నాకొద్దు. నేను ఎనిమిది నిమిషాలకే దించినా. దానికెట్టా ఇస్తారు కప్పు?"

అప్పుడు అతను రిమోట్లు బయటికి తీశాడు. కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు వాడే పద్ధతి ఒకటుంది. రెండు రిమోట్లని కలుపుతారు. నేర్పేవాడి రిమోట్‌కి ఒక మీట ఉంటుంది. అది నొక్కితే విమానం నేర్చుకునేవాడి చేతికి పోతుంది, వదిలితే నేర్పేవాడి చేతికి వస్తుంది.

"నీకు తెలుస్తదో లేదో చూద్దాం. మీట నా దగ్గర. నీకు కనపడకుండా మారుస్తా. నీ చేతిలో ఉండాదో లేదో నువ్వు చెప్పాల" అన్నాడు.

గంగాధరాన్ని కూడా తీసుకుని ముగ్గురూ బయలుకి వెళ్లారు. పసుపుదాన్ని పైకి పంపారు. నరేంద్రబాబు ఆమె వెనక నిలబడ్డాడు. తన దగ్గర ఉన్నప్పుడు పుల్లలు ముట్టుకోకుండా ఊరకే వదిలేస్తానన్నాడు. గంగాధరం ఒక కాగితం మీద రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. పెద్ద ఎత్తున తిప్పితే ఎవరికైనా తెలిసిపోతుంది కాబట్టి, పోటీలో చేసినట్టే వేళ్లు కొద్దిగా మాత్రమే కదపాలనుకున్నారు.

"ఇప్పుడు?" అన్నాడు నరేంద్రబాబు.

"నా చేతిలోనే ఉండాది."

"ఇప్పుడు?"

"నాదే. కాదు, ఉండు. నాదే."

"ఇప్పుడు?"

"లేదు. పోయింది."

పదిసార్లు అడిగాక దించారు. ఆమె ఆరుసార్లు సరిగ్గా, నాలుగుసార్లు తప్పుగా చెప్పింది. 'పోయింది' అన్నప్పుడు అది ఆమె చేతిలోనే ఉంది. రెండోసారి ఆలోచించి మరీ 'నాదే' అని తేల్చినప్పుడు ఎవరి చేతిలోనూ లేదు.

ఎలిశబెతు ముఖం చిన్నబోయింది. నరేంద్రబాబు ముఖంలో మాత్రం కొంచెం వెలుగొచ్చింది. "కొత్త గదక్కా నీకు. రోజులు గడిస్తే వేళ్లకి తెలుస్తది" అన్నాడు.

"అయితే నువ్వు పట్టుకో" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అంది.

ఈసారి మీట ఆమె దగ్గర. సముద్రపు గాలి అప్పుడే మొదలైంది. నరేంద్రబాబు కాళ్లు ఎడంగా పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. ప్రతి ప్రశ్నకీ ఆలోచించకుండా జవాబు చెప్పాడు. దించాక గంగాధరం కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు.

"అయిదు ఒప్పు, అయిదు తప్పు."

"సరిగ్గా రాసినారా సార్?"

"చూసుకో."

అతను కాగితం తీసుకుని చూశాడు. ఇంకోసారి చేద్దామన్నాడు. చేశారు. ఈసారి ఆరు తప్పు. రిమోట్‌ని కింద పెట్టి సరుగుడు చెట్ల వైపు నడిచి వెళ్లి, అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"నాకు ముందొకసారి ఒంగోల్లో వచ్చిందే, ఆ కప్పు. అప్పుడు గాలి ఎంత బాగుండిందో నాకు ఇప్పుడు గుర్తొస్తుండాదక్కా" అన్నాడు.

"నేను నిన్ను చెడగొట్టినట్టుండాది" అంది ఎలిశబెతు.

గంగాధరం అరగంట సేపు చెప్పాడు. మంచి గ్లైడరు చాలావరకు తనంతట తానే ఎగురుతుందని, అలా ఎగిరేట్టు కట్టడమే సగం పని అని, మనిషి తప్పు జరిగినప్పుడు మాత్రమే అవసరమవుతాడని. "ఆ గ్లైడరు కట్టింది ఎవరమ్మా? నువ్వే గదా" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఎలిశబెతు తలూపింది. కానీ కట్టినందుకు ఇచ్చిన కప్పు కాదది, దించినందుకు ఇచ్చింది. ఆ మాట పైకి అనలేదు. ఆయన అంత కష్టపడి చెప్పాడని.

తర్వాత ఎలిశబెతు మూడు వారాలు బయలుకి పోలేదు. నాలుగో శనివారం పెంచలకృష్ణ తన రెక్కకి పొర వేయించుకోవడానికి వచ్చి, సరిగ్గా వచ్చిందో లేదో ఎగరేసి చూద్దాం రమ్మన్నాడు. వెళ్లింది. అతని విమానం ఎగురుతుంటే ఆమె వేళ్లు ఊరకే ఉండలేకపోయాయి. తర్వాతి వారం పసుపుదాన్ని తీసుకెళ్లింది. ఎగరేసేటప్పుడు ఒక్కోసారి కావాలనే పుల్లల మీద నించి వేళ్లు తీసేసేది. అది దాని పాటికది తిరిగేది. కాసేపు చూసి మళ్లీ వేళ్లు పెట్టేది. పెట్టిన తర్వాత తేడా ఏమన్నా ఉందా అని చూసేది. కొన్నాళ్లు ఉన్నట్టుండేది, కొన్నాళ్లు లేనట్టుండేది. చర్చిలో ఎవరైనా విమానాల గురించి అడిగితే, బాగానే ఎగురుతుండాయి అనేది.

కప్పు మాత్రం క్లబ్బుకి ఇచ్చేసింది. గంగాధరం గారు దాన్ని సామాన్ల గదిలో కిటికీ దగ్గర పెట్టాడు. దాని మీద ఆమె పేరు అలాగే ఉంది. చెరిపించమని ఆమె అడగలేదు, ఉంచమనీ అనలేదు.

మరుసటి ఏడు పోటీ చిల్లకూరు అవతల, చవిటి నేలల్లో పెట్టారు. ఈసారి నిబంధనల కాగితంలో ఒక కొత్త వాక్యం ఉంది. విమానం దిగగానే న్యాయనిర్ణేత ఎదుట రిమోట్‌తో చుక్కాని కదిపి చూపించాలని. ఎలిశబెతు రెండు విడతల్లోనూ కదిపి చూపించింది. మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చింది. నరేంద్రబాబు ఫస్టు వచ్చాడు. రెండో విడతలో అతని గ్లైడరు గూటం పక్కనే దిగింది. అతను కూడా కదిపి చూపించాడు. చప్పట్లు బాగా కొట్టారు.

కప్పు తీసుకున్నాక అతను ఫొటోలకి నిలబడలేదు. ఎలిశబెతు రెక్కల్ని దుప్పట్లో చుట్టుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చూసినావు గదక్కా. చివరి చుట్టు నేనే తిప్పినా అంటావా?"

ఆమె చుట్టడం ఆపి ఆలోచించింది. ఆ చివరి చుట్టుని ఆమె కళ్లార్పకుండా చూసింది. గాలి సరిగ్గా ఆ సమయానికి కొంచెం నెమ్మదించడం కూడా చూసింది.

"తెలీదు నరేంద్రా. చూడ్డానికైతే బాగుండింది."

"నాకూ బాగుండింది" అన్నాడతను.

అంతలో ఆనందబాబు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. రెక్కలు పొడుగ్గా ఉండటంతో తిన్నగా లోపల పట్టలేదు. నరేంద్రబాబు ఒక కొస పట్టుకుని వెనక సీట్లోకి ఏటవాలుగా దూర్చి, కుదుపులకి దెబ్బ తగలకుండా కింద తన తువ్వాలు మడిచి పెట్టాడు. గూడూరులో రైలు అందుకోవాలని ఆనందబాబు తొందర పెట్టాడు.